మూడో కొలత ఊరికే రాదు

మన దగ్గర హోలోగ్రామ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మందు సీసా మూత మీద ఎక్సైజు వాళ్లు అంటించే మెరుపు స్టిక్కర్. మందు ముట్టని వాళ్లకి ఏటీఎం కార్డు మూల ఉండే వెండి ముక్క. అటూ ఇటూ వంచితే రంగులు మారతాయి, అంత పల్చటి కాగితంలో ఎక్కడో లోతు ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే హోలోగ్రామ్ అంటే త్రీడీ బొమ్మ అన్న మాట మన తలల్లో గట్టిగా నాటుకుపోయింది. నా తలలోనూ అంతే. కొన్నేళ్లు డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. హోలోగ్రఫీ పాఠం వచ్చినప్పుడల్లా "మామూలు ఫొటో రెండు కొలతలది, హోలోగ్రామ్ మూడు కొలతలది" అని బోర్డు మీద రాసి కింద గీత గీసేవాణ్ణి. రెండు మార్కుల ప్రశ్నకి అది సరిపోతుంది.

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బావ ఒక బొమ్మ పెట్టాడు. మగ్గిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగ ఉంటుంది కదా, దాని కాలు. లోపలి నరాలు ఒక్కొక్కటీ ఒక్కో రంగులో, దారపు ఉండలు విప్పి పరిచినట్టు. కింద "ఒక్క ఎక్స్‌రే హోలోగ్రామ్‌తో ఈగ కాలు మొత్తం త్రీడీలో!" అని రాసుంది. బొమ్మ నిజమైనదే, ఆ పని సంగతి నాకు తెలుసు. కింద రాసిన మాటే తప్పు.

"ఒక్కటి కాదు బావా, వేలు తియ్యాలి" అన్నాను.

"హోలోగ్రామ్ అంటేనే త్రీడీ కదోయ్. వేలెందుకు?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. నేను బోర్డు మీద గీసిన గీత నాకే ఎదురొచ్చినట్టయింది. గ్రూపులో నాలుగు పేరాలు రాస్తే ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను అనేది ఇది: ఎక్స్‌రే హోలోగ్రఫీలో హోలోగ్రామ్ చేసే పని లోతు చూపించడం కాదు. కెమెరాలో పడేటప్పుడు పోయే ఒక సమాచారాన్ని వెనక్కి తేవడం. లోతు కావాలంటే వస్తువుని తిప్పాలి, మళ్లీ మళ్లీ తియ్యాలి, లెక్క కట్టాలి. ఈ రెండింటినీ కలిపేసి "హోలోగ్రామ్ మహిమ" అనేస్తే అసలు కష్టం ఎక్కడుందో మనకి ఎప్పటికీ కనిపించదు.

ముందు ఆ పోయే సమాచారం ఏమిటో చెప్పాలి. దాని పేరు దశ (ఫేజ్), అంటే తరంగం తన ఊపులో ఏ చోట ఉందన్న సంగతి. ఈ మాట తెలుగులో భలే కుదిరింది. జాతకంలోనూ దశే, తరంగంలోనూ దశే. ఒకడి దశ తిరిగిందా లేదా అన్నది వాడి మొహం చూసి చెప్పలేం, తరంగం సంగతీ అంతే. కోలాటం ఆడుతున్నారనుకోండి. గోడకి ఇవతల మీ దగ్గర ఒక మీటరు ఉంది, అది చప్పుడు సగటున ఎంత గట్టిగా ఉందో మాత్రమే చూపిస్తుంది. ఎవరు తాళానికి కొట్టారో, ఎవరు అరక్షణం ముందు కొట్టారో దానికి పట్టదు. ఇప్పుడు గురువుగారు చిడతలు పట్టుకుని ఒకే లయలో వాయిస్తున్నారనుకోండి. ఆయన దెబ్బతో కలిసి పడ్డ కర్ర చప్పుడు పెద్దదవుతుంది, మధ్యలో పడ్డది విడిపోయి చిన్నదిగా ఉంటుంది. అంటే ముందూ వెనకలు కూడా చప్పుడు హెచ్చుతగ్గులుగా మారి మీటరులో పడ్డాయి. హోలోగ్రఫీ అంటే ఇంతే. చిడతల స్థానంలో ఏ వస్తువునీ తాకని, చెదరని ఒక తరంగం. దాన్ని వస్తువు నుంచి వచ్చిన తరంగంతో కలిపి, ఆ కలయిక చారల్ని నమోదు చెయ్యడం.

ఎక్స్‌రేలకి ఇది మరీ అవసరం. నేను చెప్పబోయే ఎక్స్‌రేలు సెకనుకి కోటి కోట్లకి 40 వేల రెట్లు ఊగుతాయి, ఏ కెమెరా దాన్ని వెంబడించలేదు. మిగిలేది తీవ్రత ఒక్కటే. రాంట్‌జన్ 1895 డిసెంబరు 22న తీసిన ఆయన భార్య చెయ్యి ఫొటో గుర్తుందా, ఎముకలు, వేలికి ఉంగరం? అది నీడ. ఎముక కిరణాన్ని మింగింది, మాంసం వదిలేసింది. ఆసుపత్రిలో ఇప్పటికీ మనం చూసేది ఆ నీడనే. ఈ కిరణాలు పట్టకంలో వంగుతాయేమో, కటకంతో ఒకచోటికి చేరతాయేమో అని రాంట్‌జన్ అప్పుడే చూశాడు. చేరలేదు. వక్రీభవనం లేక కాదు, అది పది లక్షల్లో ఒక వంతు స్థాయిలో ఉంటుంది కనక ఆయనకి దొరకలేదు.

అంత చిన్నదే ఇక్కడ బంగారం. 17 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది ఎక్స్‌రే శక్తి కొలత) ఎక్స్‌రే 90 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నీటిలోంచి వెళ్లిందనుకుందాం, అంటే ఒక తల వెంట్రుక మందం. అందులో మింగుడు పడేది దాదాపు నూటికి ఒక వంతు. నీడగా చూస్తే ఏమీ కనిపించదు. కానీ అదే దూరంలో తరంగం దశ పూర్తిగా ఒక చుట్టు తిరిగిపోతుంది. ఒళ్లు, నరాలు, చెక్క, ప్లాస్టిక్ లాంటి తేలిక మూలకాల సరుకు నీడలో దాదాపు కనిపించకపోయినా, దశలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఇందుకే. దశ దొరికితే అన్నీ దొరికినట్టే. "అన్నీ" అన్నాను గానీ, లోతు అందులో లేదు. అక్కడికే వస్తున్నా.

హోలోగ్రఫీ కథ ఎలా మొదలైందో చూస్తే కూడా నా మాటకి కొంత బలం దొరుకుతుంది. డెనిస్ గాబర్ బుడాపెస్ట్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లో రగ్బీ అనే ఊళ్లో ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో పనిచేసేవాడు. 1947 ఈస్టర్ రోజుల్లో టెన్నిస్ కోర్టు ఖాళీ కోసం బెంచీ మీద కూర్చుని ఉండగా ఈ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన బాధ త్రీడీ గురించి కాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కటకాలు బాగా లేవు, వాటితో పరమాణువుల్ని చూడలేకపోతున్నాం, కటకం చెడగొట్టిన తరంగాన్నే దశతో సహా పట్టుకుని తర్వాత తీరిగ్గా బాగుచేస్తే పోలా అని. 1948లో ఆయన అచ్చు వేసిన చిన్న వ్యాసంలో మూడు కొలతల వస్తువులకీ ఇది పనికొస్తుందని ఒక మాట అన్నాడు, నిజమే. కానీ ఆ వ్యాసంలో ఆయన చూపించిన వస్తువు ఏమిటి? న్యూటన్, హైగెన్స్, యంగ్, ఫ్రెనెల్ లాంటి వాళ్ల పేర్లు రాసిన చిన్న పలక. బల్లపరుపు అక్షరాలు! మొట్టమొదటి హోలోగ్రామ్‌లో లోతన్నదే లేదు.

మరి త్రీడీ పేరు ఎక్కడ పడింది? లేజర్ 1960లో వచ్చాక. మిషిగన్ విశ్వవిద్యాలయంలో లీత్, ఉపట్నిక్స్ అనే ఇద్దరు 1964లో ఒక బొమ్మ రైలుకి లేజర్ హోలోగ్రామ్ తీసి చూపించారు. తల కొంచెం పక్కకి జరిపితే ఇంజను వెనక దాగినది బయటపడుతుంది. జనం ముగ్ధులైపోయారు, వాళ్ల తప్పేం లేదు. 1971లో గాబర్‌కి నోబెల్ వచ్చేసరికి హోలోగ్రామ్ అంటే గాలిలో తేలే బొమ్మ అయిపోయింది. మైక్రోస్కోపు మాట జనం మరిచిపోయారు.

ఎక్స్‌రే వైపు పనిచేసేవాళ్లు మాత్రం మరిచిపోలేదు. 1952లోనే ఆల్బర్ట్ బేయజ్ ఎక్స్‌రేలతో గాబర్ పద్ధతి సాధ్యమా అని లెక్కలు వేశాడు. గాయని జోన్ బేయజ్ నాన్నగారే ఈయన. ఇంట్లో గిటారు ఒక పక్క, ఎక్స్‌రే ఇంకో పక్క అన్నమాట. అంతకు నాలుగేళ్ల ముందు, 1948లో, తన గురువు కర్క్‌ప్యాట్రిక్‌తో కలిసి ఎక్స్‌రేలని అతి తక్కువ వాలులో తాకించి ఒకచోటికి చేర్చే అద్దాల జోడీ చేశాడు. ఈగ కాలుకి హోలోగ్రామ్ తీసిన చోట కిరణాన్ని సూదిమొనలా చేసింది ఆ తరహా అద్దాలే. బేయజ్ కాలంలో లేనిది ఒక్కటే, లయ తప్పని కిరణం. ఎక్స్‌రే గొట్టంలోంచి వచ్చేది సంతలో గోల, చిడతల వాయింపు కాదు. సింక్రోట్రాన్‌లు, అంటే ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి ఎక్స్‌రేలు పుట్టించే యంత్రాలు, బాగుపడేదాకా ఆగాల్సి వచ్చింది. 1992లో అమెరికాలో బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో మెక్‌నల్టీ బృందం 3.4 నానోమీటర్ల (నానోమీటరంటే మైక్రానులో వెయ్యో వంతు) ఎక్స్‌రేతో 60 నానోమీటర్ల వివరం చూపించింది. 2004లో బెర్లిన్‌లో ఐజబిట్ బృందం అయస్కాంత పొరలోని మెలికల డొమైన్‌లని (అయస్కాంతత్వం ఒకే దిక్కుకి ఉన్న ముక్కలని) 50 నానోమీటర్ల వివరంతో కటకం లేకుండా తీసింది. రెండూ గొప్ప పనులే. ఆ బొమ్మలు మాత్రం బల్లపరుపువి.

ఇప్పుడు లోతు సంగతి. ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. దారం రంధ్రానికి ఎదురుగానే ఉంటుంది, కానీ ముందుందో వెనకుందో తెలీదు. రెండు కళ్లూ రెండు కోణాల నుంచి చూస్తేనే లోతు. కోణం ఎంత వెడల్పయితే లోతు అంత కచ్చితం. బొమ్మ రైలు నుంచి లేజర్ వెలుగు నాలుగు వైపులా చెదిరి పెద్ద పలక నిండా పడింది. పలకలో ఎడమ కొసకీ కుడి కొసకీ రైలు వేరేగా కనిపిస్తుంది. అందుకే ఒక్క పలకలో అంత లోతు. ఎక్స్‌రేలు అలా చెదరవు. వక్రీభవనం అంత తక్కువ అన్నాను కదా, ఆ బంగారానికే ఇది రెండో వైపు. వస్తువుని దాటి వచ్చిన తరంగం ముందుకే, ఇరుకైన శంకువులో పోతుంది. కంటికి పొడవాటి పైపు పెట్టుకుని వీధిని చూసినట్టు.

పక్కల కొలతలో వివరం ఎంత సన్నగా దొరుకుతుందన్న లెక్కలో ఈ కోణం ఒక్కసారి వస్తుంది. లోతు లెక్కలో వర్గమై వస్తుంది. కోణం పదో వంతయితే పక్క వివరం పది రెట్లు మోటుపడుతుంది, లోతు వంద రెట్లు. అంకెలు వేసి చూద్దాం. 17 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రే తరంగదైర్ఘ్యం సుమారు 0.07 నానోమీటరు. దానితో పక్కకి 50 నానోమీటర్ల వివరం తీశామంటే, లోతులో అదే హోలోగ్రామ్ ఇచ్చే వివరం సుమారు 1,40,000 నానోమీటర్లు, అంటే 140 మైక్రాన్లు. రెండు వేల ఎనిమిది వందల రెట్లు అధ్వాన్నం. ఈగ కాలు మందమే దాదాపు ఆ మాత్రం ఉంటుంది. అంటే ఒక్క హోలోగ్రామ్‌లో ఆ కాలు మొత్తం, చర్మం, కండ, నరం, మళ్లీ చర్మం, అన్నీ ఒకే పొరలో అణిగిపోయి ఉంటాయి. అప్పడంలాగా. 1992 నాటి మెత్తటి ఎక్స్‌రేలకి పరిస్థితి కొంత నయం: పక్కకి 60 నానోమీటర్లయితే లోతుకి నాలుగు మైక్రాన్ల పైచిలుకు. అయినా 70 రెట్ల తేడా. దాన్ని త్రీడీ అనడానికి నాకు నోరు రాదు.

అందుకని తిప్పుతారు. ఆసుపత్రి సీటీ స్కాన్‌లో మనం పడుకుంటే యంత్రం మన చుట్టూ తిరుగుతుంది, ఇక్కడ యంత్రం కదలదు, నమూనా తిరుగుతుంది. అంతే తేడా. సూదిమొన మీద అతికించిన నమూనా కొంచెం కొంచెంగా 180 డిగ్రీలు తిరుగుతుంటే ప్రతి కోణంలోనూ హోలోగ్రామ్‌లు తీస్తారు. ఒక్కో కోణానికి దశ పటం లెక్క కట్టి, ఆ పటాలన్నీ కలిపి లోపలి వస్తువుని కడతారు. 1999లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌లో పీటర్ క్లోటెన్స్ బృందం పాలిస్టైరీన్ నురగని ఇలా తీసి, పద్ధతికి హోలోటోమోగ్రఫీ అని పేరు పెట్టింది. ఈ పేరు పెట్టినవాళ్ల నిజాయితీ నాకు నచ్చుతుంది. హోలో అంటే దశ వచ్చే దారి, టోమో అంటే లోతు వచ్చే దారి. రెండు పనులని రెండు మాటల్లో విడిగా చెప్పారు. బావకి వచ్చిన ఫార్వర్డు మొదటి సగం ఉంచుకుని రెండో సగం పారేసింది.

ఇంకో మెలిక ఉంది, ఇది చెప్పకుండా పోలేను. ఒక్క కోణంలో కూడా ఒక్క హోలోగ్రామ్ చాలదు. నమూనాకీ డిటెక్టర్‌కీ మధ్య ఒక దూరం పెట్టి తీస్తే కొన్ని పరిమాణాల వివరాలు బ్రహ్మాండంగా తేలతాయి, కొన్ని సరిగ్గా సున్నా అయిపోతాయి. చిడతల దెబ్బకీ కర్ర దెబ్బకీ మధ్య ఎడం ఒకానొక చోట పడితే మీటరులో ఏ తేడా రాకపోవడం లాంటిదే. దూరం మారిస్తే సున్నాలు వేరే చోటికి జరుగుతాయి. అందుకే నాలుగు దూరాల్లో తీసి, ఒకదానిలో పోయింది ఇంకోదాంట్లో ఏరుకుంటారు. అదీ చాలనప్పుడు లెక్కలో ఒక ఊహ కలుపుతారు: నమూనా అంతా ఒకే రకం సరుకనో, మింగడానికీ దశ మార్చడానికీ ఎక్కడైనా ఒకే నిష్పత్తి అనో. నురగకి ఆ ఊహ సరిపోతుంది. ఎముక పక్కన కొవ్వు ఉన్నచోట సరిపోదు, అంచుల్లో మసక వస్తుంది, లేదా లేని అంచు కనిపిస్తుంది. రంగు వేసి అచ్చు వేశాక ఆ అంచుకీ నిజం అంచుకీ తేడా చూసేవాడికి తెలీదు.

ఒకప్పుడు యూరప్‌లోని ఒక సింక్రోట్రాన్‌లో రాత్రి షిఫ్టు చేశాను. ఎన్నో నెలల ముందు దరఖాస్తు పెట్టుకుంటే దొరికిన మూడు రోజుల బీమ్‌టైమ్, అంటే కిరణం వాడుకునే వంతు. అసలు నమూనాలకి ముందు సరిచూసుకోడానికి అగ్గిపుల్ల ముక్క ఒకటి తియ్యాలి. చెక్క కణాలు తేనెపట్టులా వరసగా ఉంటాయి కాబట్టి బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో వెంటనే తెలుస్తుంది. బ్లేడుతో చీల్చిన పేలికని సూది మీద అతికించే పని నాది. అతికించాను. జిగురు ఆరిందనుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి లెక్క పూర్తయి తెర మీద మొదటి పొర వచ్చింది. కణాల గోడలు ఒక వైపు గీతల్లా పదునుగా, ఇంకో వైపు జంటగా, అలుక్కుపోయి ఉన్నాయి. ఆరని జిగురు మీద పేలిక గంటల తరబడి మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ వాలింది. అంతే. ఒక్కో హోలోగ్రామ్ విడిగా చూస్తే అద్దంలా ఉంది, చారలు చక్కగా ఉన్నాయి. దశ దొరికింది, లోతే పోయింది. ఈ రెండూ వేరు వేరు పనులని నాకు పుస్తకం చెప్పలేదు, ఆ జిగురు చెప్పింది. పక్క కుర్చీలో ఉన్న ఆమె ఏమీ అనకుండా కాఫీ తెచ్చిచ్చింది, తిట్టినా బాగుండేది.

ఆ అనుభవం ఉంది కనకే ఈగ కాలు బొమ్మ చూస్తే నాకు కలిగే ఆశ్చర్యం బావ ఆశ్చర్యం కంటే వేరు. 2020లో వచ్చిన పని అది. హార్వర్డ్ వాళ్లు, గ్రెనోబుల్ వాళ్లు కలిసి చేశారు. వంద నానోమీటర్ల లోపు వివరంతో మిల్లీమీటరు స్థాయి ముక్కలు తీశారు. ఈగ కాలుని ఒక్క స్కాన్‌లో కాదు, ఎన్నో స్కాన్‌లు పక్కపక్కన కుట్టి పూర్తి చేశారు. కండరం దగ్గర మొదలైన నరాన్ని కేంద్ర నాడీమండలం దాకా వెంబడించారు. ఎలుక మెదడు ముక్కలోనూ వందల కణాలని ఇలాగే గీశారు. నరాల్ని ఏరడానికి కంప్యూటర్‌కి శిక్షణ ఇచ్చారు, చేత్తో గీస్తే ఎన్నేళ్లు పట్టేదో. ఒక నరం ఇంకో నరాన్ని తాకే సైనాప్స్‌లని తేల్చుకోడానికి మాత్రం అదే ఎలుక మెదడు ముక్కని మళ్లీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టారు. పైగా ఆ కణజాలం బతికి లేదు. భారలోహాలతో రంగు పట్టించి, రెసిన్‌లో పోత పోసినది. ఇవన్నీ చెబితే బొమ్మ విలువ తగ్గదు. నా వరకు పెరుగుతుంది.

"సరే తిప్పుతారు, కానీ అన్నిసార్లు ఎక్స్‌రే కొడితే మాడిపోదా?" అని మీరు అడగొచ్చు. ఇక్కడ నేనే చాలా రోజులు తప్పు అనుకున్నాను. వెయ్యి కోణాలంటే వెయ్యి రెట్ల డోసు అనుకునేవాణ్ణి. కాదు. ఒక్కో కోణంలో చాలా మసకగా, గింజలు గింజలుగా తీసినా ఫర్వాలేదు, అన్నీ కలిపినప్పుడు లెక్క తేలుతుందని 1976లోనే హెగర్ల్, హోప్ అనే ఇద్దరు చూపించారు. ఒకే వివరానికి ఒక బల్లపరుపు బొమ్మకి పట్టే డోసునే కోణాలన్నింటికీ పంచుకోవచ్చు. కాబట్టి మూడో కొలతకి కట్టే మూల్యం డోసు కాదు. ఓపిక, నిలకడ, లెక్క.

డోసు మూల్యం కట్టేది సన్నటి వివరానికి. కనిపించే వివరం పరిమాణాన్ని సగానికి తగ్గించాలంటే డోసు దాదాపు పదహారు రెట్లు పెరుగుతుంది. మరోవైపు, వివరం సన్నబడేకొద్దీ నమూనా తట్టుకునే డోసు తగ్గుతుంది. 2009లో హోవెల్స్ బృందం కట్టిన లెక్క ప్రకారం గడ్డకట్టించిన జీవ నమూనా ఒక్కో నానోమీటరు వివరానికి 10 కోట్ల గ్రే (ఒంట్లో దిగిన రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) దాకా ఓర్చుకుంటుంది, అంటే 10 నానోమీటర్ల వివరానికి 100 కోట్ల గ్రే. మనిషికి ఒళ్లంతా ఒకేసారి నాలుగైదు గ్రే తగిలితే, చికిత్స లేకుండా సగం మంది బతకరు. పెరిగే గీత, తగ్గే గీత 10 నానోమీటర్ల చుట్టుపక్కల కలుసుకుంటాయి. జీవ నమూనాల్లో అంతకంటే సన్నటి వివరానికి పోలేకపోవడానికి కారణం కెమెరా కాదు, నమూనాయే.

ఆ గీతని దాటాలంటే మాడేలోపు తీసెయ్యాలి. కాలిపోయే ముందు క్షణంలో ఫొటో. ఎక్స్‌రే లేజర్లు చేసేది అదే. 2018లో గోర్ఖోవర్ బృందం స్టాన్‌ఫర్డ్‌లోని లేజర్ దగ్గర గాలిలో ఎగురుతున్న పెద్ద వైరస్‌లకి హోలోగ్రామ్ తీసింది. వైరస్ పక్కనే జెనాన్ పరమాణువుల చిన్న గుంపుని ఎగరేసి, దాన్నే చిడతలుగా వాడుకుంది. ముచ్చటైన ఆలోచన. కానీ ఆ మెరుపు తర్వాత వైరస్ ఉండదు, తిప్పడానికి ఏమీ మిగలదు. ఒక కోణం, ఒక పటం, కథ ముగిసింది. మూడో కొలత కావాలంటే అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండే వేల వైరస్‌లు కావాలి, ఒక్కొక్కటీ ఒక్కో కోణంలో దొరకాలి.

ఇంతా చెప్పి ఒక సంగతి దాచిపెడితే అన్యాయం. ఎక్స్‌రే హోలోగ్రామ్ నిజంగానే మూడు కొలతల్లో చూపించే చోటు ఒకటుంది. 1996లో టెగ్జె, ఫైగెల్ అనే ఇద్దరు స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికంలో స్ట్రాన్షియం పరమాణువుల చుట్టూ ఏముందో హోలోగ్రామ్‌గా పట్టుకున్నారు. అదీ బుడాపెస్ట్‌లో, గాబర్ పుట్టిన ఊళ్లో. అక్కడ హోలోగ్రామ్ రాసే కిరణం బయటి నుంచి రాదు. స్ఫటికం లోపలి పరమాణువే మిణుగురులా ఎక్స్‌రే వెదజల్లుతుంది. కొంత నేరుగా బయటికొస్తుంది, అది చిడత. కొంత పొరుగు పరమాణువుల్ని తాకి వస్తుంది, అది కర్ర. డిటెక్టర్‌ని నమూనా చుట్టూ అన్ని వైపులా జరిపి నమోదు చేస్తారు. కోణం వెడల్పు, కాబట్టి లోతు కూడా పక్క కొలతల్లాగే పదును. ఇది నా వాదనకి అడ్డం కాదా? కాదనుకుంటాను. లోతు ఇక్కడ కూడా కోణం నుంచే వచ్చింది. పైగా పరమాణువులన్నీ ఒకే తీరుగా, ఒకే దిక్కుకి నిలబడి ఉంటేనే ఇది పనిచేస్తుంది, అందుకే స్ఫటికం. ఈగ కాలులో ఏ రెండు చోట్లూ ఒకేలా ఉండవు. మీరైనా తిరగాలి, వస్తువైనా తిరగాలి, లేదా ఒకే వస్తువుకి లెక్కలేనన్ని నకళ్లు ఉండాలి. నాలుగో దారి ఎవరైనా చూపిస్తే ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.

మన దేశం మాట ఒకటి. ఇండోర్‌లో ఇండస్-2 ఉంది, 172 మీటర్ల చుట్టుకొలత వలయం. అక్కడ ఇమేజింగ్ బీమ్‌లైన్‌లో దశ ఆధారంగా బొమ్మలు తీస్తున్నారు, మంచి పనులే వచ్చాయి. కానీ నానో స్థాయి హోలోగ్రఫీకి లయ తప్పని కిరణం కావాలి. అది వలయంలో ఎలక్ట్రాన్ల గుంపు ఎంత సన్నగా, ఎంత క్రమంగా పరిగెడుతుందన్న దాని మీద ఉంటుంది. ఆ కొలత (ఎమిటెన్స్ అంటారు, నానోమీటరు-రేడియన్లలో) ఇండస్-2కి సుమారు 58, గ్రెనోబుల్‌లో 2020లో మళ్లీ తెరిచిన కొత్త వలయానికి సుమారు 0.13. తక్కువైతేనే మేలు. ఇది చేతకానితనం కాదు, వయసు తేడా, డబ్బు తేడా. మనవాళ్లు హాంబర్గ్‌కీ ట్రియెస్టేకీ వెళ్లి ఆ పని చేసుకొస్తున్నారు. వెళ్లిరావడం వల్ల కాగితాలు పెరుగుతాయి. కానీ జిగురు ఆరిందో లేదో రాత్రి మూడింటికి తెలుసుకునే పిల్లల సంఖ్య పెరగదు. ఇంటి దగ్గర యంత్రం ఉంటే పాడు చెయ్యడానికి కూడా అవకాశం ఉంటుంది. మూడు రోజుల బీమ్‌టైమ్‌లో పాడు చేసే స్వేచ్ఛ ఎవడికీ ఉండదు.

ఇదంతా కుదించి గ్రూపులో పెట్టాను. బావ ఒక బొటనవేలు పెట్టాడు. పది నిమిషాలకి ఇంకో ఫార్వర్డు, ఈసారి చంద్రుడి మీద ఏదో.

ఆ అగ్గిపుల్ల డేటా ఇంకా నా దగ్గరే ఉంది. ఈ మధ్య కొత్త ప్రోగ్రామ్ ఒకటి దొరికితే మళ్లీ నడిపించాను. పేలిక ఎటు, ఎప్పుడు, ఎంత వాలిందో అదే ఊహించుకుని ప్రతి హోలోగ్రామ్‌నీ కొంచెం కొంచెం జరిపి సరిచేస్తుంది. జంట గోడలు చాలావరకు ఒక్కటయ్యాయి. ఒక మూల మాత్రం ఏడెనిమిది కణాల గోడలు పక్కవాటి కంటే మందంగా కనిపిస్తున్నాయి. చెక్కలో అలాంటి మందపాటి గోడలు సహజంగానూ ఉంటాయి. అది చెట్టు పనో నా జిగురు పనో చెప్పాలంటే ఆ పేలికనే మళ్లీ తియ్యాలి, అది ఆ రాత్రే చెత్తబుట్టలోకి పోయింది.